ముసలిదానికి మందు

పోయిన నెల ఇక్కడే, సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో సింహాచలం అంకుల్‌ని చూడడానికి వెళ్ళాను. ఆయన మా నాన్న అప్పన్నకు ప్రాణస్నేహితుడు. నాన్న పోయి చాలా కాలమైంది. ఈయన మాత్రం తొంభైకి దగ్గరపడి, కిటికీ పక్క కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. తలుపు తీసిన మనవరాలు ముందే జాగ్రత్త చెప్పింది. "ఆంటీ, తాతయ్య మే నాట్ రికగ్నైజ్ యూ ఆ. డోంట్ ఫీల్ బ్యాడ్ లా." వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "అప్పన్న గుంటవి గదే నువ్వు? పైడివి" అన్నాడు. తరవాత మనవరాలు వంటగదిలోకి వెళ్ళిందో లేదో మెడ తిప్పి చూసుకుని, గొంతు బాగా తగ్గించి అడిగాడు. "ముసల్దెలగున్నాది? మందు సరిగ్గా పడతన్నాదేటి?"

ఆ పిల్ల చెవులు పాము చెవులు. కాఫీ కప్పుతో వచ్చి, "సారీ ఆంటీ. యువర్ గ్రాండ్‌మా పాస్డ్ అవే లాంగ్ టైమ్ ఆల్రెడీ, రైట్? హీ ఆల్వేస్ మిక్స్ అప్" అంది. పరవాలేదన్నాను. నిజానికి ఆయనేమీ కలగాపులగం చెయ్యలేదు. ఆయన అడిగింది మా అమ్మమ్మ గురించి కాదు, ఒక తుపాకీ గురించి. ఆ రెండింటినీ మొట్టమొదట కలగాపులగం చేసింది మా అమ్మమ్మే. దాంతో మా ఇల్లు కొంతకాలం అట్టుడికినట్టు ఉడికిపోయింది.

మా నాన్న తూటాలు చేసేవాడని సింగపూర్‌లో ఎవరితోనైనా అని చూడండి. ముందు నవ్వుతారు, తరవాత కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. తుపాకీ మాటెత్తితే ఉరికొయ్య గుర్తొచ్చే ఊరు ఇది. నేను ఉద్యోగమంతా విమానాశ్రయంలో సామాన్లు స్కాన్ చేసే తెర ముందు కూర్చుని చేశాను. ఎవరి సంచిలోనైనా చిటికెనవేలి కొసంత నల్లటి ఆకారం కనబడితే చాలు, బెల్టు ఆగిపోయేది, నా పక్కనున్నవాళ్ళ నవ్వులూ ఆగిపోయేవి. మనిషిని చూసి అనుమానపడడం జీతం తీసుకుని నేర్చుకున్నానని మా అబ్బాయి వేళాకోళం చేస్తాడు. అది తప్పు. అనుమానం నాకు అమ్మమ్మ నుంచి ఊరికే వచ్చింది. ప్రభుత్వం దానికి జీతం ఇచ్చింది, అంతే.

నాన్న చేసిందంతా చట్టప్రకారమే. పడమటి వైపు, చెట్ల మధ్య ఒక షూటింగ్ క్లబ్బు ఉండేది. లైసెన్సులు, తాళాలు, తాళాల మీద తాళాలు. అక్కడి ఆయుధాల గదిలో నాన్న పని. ఆ పని ఇచ్చిన పెద్దాయన మొదటిరోజే, లోపల ఏముందో బయట మాట్లాడకు అన్నాడట. నాన్న లెక్కలో ఇల్లు కూడా బయటే. అందుకని ఇంట్లో "క్లబ్బులో స్టోర్‌కీపర్ని" అని చెప్పి ఊరుకున్నాడు. క్లబ్బు అంటే మా వాళ్ళకు తెలిసినవి రెండే, పేకాట, తాగుడు. స్టోర్ అంటే సీసాలు దాచే గది అయివుంటుందని అమ్మ ఒక అంచనాకు వచ్చి, నాన్న తూలకుండా ఇంటికొస్తున్నాడు కదా అని సరిపెట్టుకుంది. అమ్మమ్మ సరిపెట్టుకునే మనిషి కాదు.

మా అమ్మమ్మ నూకాలమ్మ పెళ్ళయిన కొత్తలో విశాఖ వైపు నుంచి ఓడలో వచ్చిన మనిషి. తాత పోయాక, కొడుకులిద్దరూ మలేసియాలోని జోహోర్‌లో స్థిరపడిపోతే, కూతురి ఇంట్లో ఉండాల్సి వచ్చింది. అల్లుడి నీడన బతకడం ఆవిడకు నామర్దా. నాన్న ఇంట్లో ఉన్నంతసేపూ గదిలోంచి బయటికి వచ్చేది కాదు. వచ్చినా తలమీద కొంగు లాక్కునేది. అల్లుడితో నేరుగా ఒక్క మాట మాట్లాడేది కాదు. వాళ్ళవైపు ఆచారం అది. ఇద్దరి మధ్యా తపాలా బంట్రోతును నేను. "పైడీ, పేపర్ సదవడం అయిందేమో ఆ బాబునడుగు" అని గదిలోంచి వినబడేది. నాన్న నాలుగడుగుల దూరంలోనే ఉండి, ఆ మాట విని కూడా, నేను వచ్చి అడిగేదాకా ఆగి, "అయిందని సెప్పు" అనేవాడు. ఒక చిన్న ఫ్లాట్లో అన్నేళ్ళు కలిసి ఉన్న ఇద్దరు మనుషులు ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకున్నారో లేదో నాకు అనుమానమే.

నేరుగా మాట్లాడదు కాబట్టి అమ్మమ్మ నాన్నను బాగా కనిపెట్టి చూసేది. పసార్‌లో, అంటే బజారులో, చేప కొనేటప్పుడు మొప్పలెత్తి చూసి, ఆ తరవాత చేపలవాడి మొహాన్ని కూడా అదే పద్ధతిలో చూసే మనిషి. నాన్న పని నుంచి రాగానే ఎవర్నీ ముట్టుకోకుండా తిన్నగా బాత్రూమ్‌కి వెళ్ళి, మోచేతుల దాకా సబ్బుతో రుద్ది, మళ్ళీ రుద్ది కడుక్కునేవాడు. చొక్కా విడిగా ఒక ఎర్ర బకెట్‌లో నానబెట్టి తనే ఉతుక్కునేవాడు. నేను మీదికి ఎగబాకితే "సొక్కా ముట్టుకోకే" అని విదిలించేవాడు. ఆయన దగ్గర కరిగిన మైనం, మాడిన కొవ్వు కలిసిన వాసన వచ్చేది. ఆ వాసన నాకు ఇష్టం. అమ్మమ్మ మాత్రం తలుపు సందులోంచి ముక్కు ఎగబీల్చి, "సేతికేటంటితే అన్నిసార్లు కడుగుతాడే మీ బాబు?" అనేది. సీసం విషమని నాన్నకు తెలుసు. ఆయన సీసం ముట్టుకుంటాడన్న సంగతే మా ఇంట్లో ఇంకెవరికీ తెలీదు.

అమ్మమ్మకు రక్తపోటు. డాక్టరు రోజుకు సగం మాత్ర వెయ్యమన్నాడు, ఆవిడకేమో మాత్ర గొంతు దిగదు. ఈ పని నాన్న తన మీద వేసుకున్నాడు. టెక్కా బజారులో కొన్న చిన్న కంసాలి త్రాసు ఒకటి ఆయన దగ్గర ఉండేది. మాత్రను బ్లేడుతో కోసి, రెండు సగాలూ రెండు పళ్ళాల్లో వేసి, ముల్లు తిన్నగా నిలిచేదాకా రవ్వరవ్వ గీకేవాడు. తరవాత గరిటె వెనకభాగంతో ఆ సగాన్ని పొడి చేసి, తేనెలో రంగరించి, చెంచా నా చేతికి ఇచ్చి, "మీ అమ్మమ్మకియ్యి" అనేవాడు. అంత శ్రద్ధగా ఇంకెవరూ చెయ్యరని ఇప్పుడు అనిపిస్తుంది. అల్లుడు తెల్లపొడిని త్రాసులో తూచి తేనెలో దాచి పంపడం తలుపు సందులోంచి రోజూ చూసే మనిషికి ఏమనిపించి ఉంటుందో కూడా ఇప్పుడే అర్థమవుతోంది.

సింహాచలం అంకుల్ అప్పట్లో తువాస్‌లో షిప్‌యార్డులో లేత్ మీద పనిచేసేవాడు. కంపెనీ లారీ దిగి, స్నానం చేసి, వారానికి రెండు మూడు సాయంత్రాలు మా బ్లాకుకి వచ్చేవాడు. మా ఇంట్లో మగవాళ్ళు కూర్చుంటే అమ్మమ్మకు ఇబ్బందని నాన్నా ఆయనా బయట కారిడార్‌లో గోడకు చేరబడి మాట్లాడుకునేవాళ్ళు. అమ్మమ్మ గది కిటికీ ఆ కారిడార్‌లోకే తెరుచుకుంటుందన్న సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు. ఒక సాయంత్రం అమ్మమ్మా నేనూ మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుండగా కిటికీ అద్దాల సందుల్లోంచి ఈ మాటలు వినబడ్డాయి.

"నిన్న ముసల్దానికి మందు తగ్గించి సూసినాను బావా" అన్నాడు నాన్న. "ఏం లాబం లేదు. నీరసంగా దగ్గి ఊరుకున్నాది."

"అయితే పెంచు."

"పెంచితే పగిలిపోద్దేమోనని బయంగున్నాది. వొయసైపోనాది గదా."

"ఒక్కపాలి వొద్దు. రవ్వంత, రవ్వంత పెంచుకుంటా పో. ఎంతకి తట్టుకుంటాదో తెలిసిపోద్ది."

"పెద్దోళ్ళు తీసీమంతన్నారు. ఎన్నాళ్ళని అట్టిపెడతావు, సోటు దండగ అంతన్నారు."

"నువ్వేటన్నావు?"

"ఆదివారం దాకా ఆగమన్నాను. ఆదివారం కాల్సేద్దారి. అప్పుడు సూద్దారి."

అమ్మమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. నాకు భయం వెయ్యలేదు, ఎందుకంటే నాకు ఏమీ అర్థం కాలేదు. అర్థమైంది ఆవిడకే, అదీ నిలువునా తప్పుగా. వాళ్ళు మాట్లాడుతున్న ముసలిది క్లబ్బులోని ఒక పాత రివాల్వర్. కొత్తవాటికి డబ్బాల్లో వచ్చే తూటాల దెబ్బ ఇది తట్టుకోలేదు. క్లబ్బు పెద్దలు దాన్ని తీసేయమన్నారు. నాన్నకు చేతులు రాలేదు. గురి వెనకున్న ఇసుకదిబ్బలో దిగిన సీసాన్ని ఏరి, కరిగించి, క్లబ్బు వాళ్ళను అడిగి అంకుల్ లేత్ మీద కోసిచ్చిన అచ్చులో పోసి, మెత్తటి గుండ్లు చేసి, వాటికి మైనమూ కొవ్వూ రాసేవాడు. ఏ కొలతకు ఆ తుపాకీ క్షేమంగా పేలుతుందో తెలియాలి కనుక ఐదేసి తూటాలు మాత్రమే కట్టి, ఒక్కో ఐదుకూ మందు రవ్వంత మార్చి కాల్చి చూసేవాడు. తక్కువైతే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది, ఎక్కువైతే తుపాకీయే పగులుతుంది. ఆ పరీక్షల ముచ్చట్లే కారిడార్‌లో జరిగేవి.

మన భాషలో మందు అన్న మాట ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం గ్లాసులో పోసుకునేదీ మందే, పొలానికి కొట్టేదీ, తూటాలో కూరేదీ మందే. వీటన్నిటికంటే అమ్మమ్మ ఎక్కువ భయపడే మందు ఇంకొకటి ఉంది. గిట్టనివాళ్ళు అన్నంలో కలిపి, మనిషికి తెలియకుండా కొంచెం కొంచెంగా పెట్టేది. ఇక కాల్చడం సంగతి చెప్పనే అక్కర్లేదు. తుపాకీనీ కాలుస్తారు, పోయిన మనిషినీ కాలుస్తారు. పెద్దోళ్ళంటే ఎవరు? జోహోర్‌లో ఉన్న తన ఇద్దరు కొడుకులే. ఏ మాటకు ఆ మాట సరిగ్గా అతికింది. పోలీసు పరిశోధనలో కూడా అంత బాగా అతకదు.

మర్నాటి నుంచి అమ్మమ్మ మా ఇంటి అన్నం ముట్టలేదు. తేనె చెంచా నా చేతిలోంచి తీసుకుని, "నువ్వెల్లే" అని పంపేసి, కిటికీలోంచి కారిడార్ అంచునున్న కాలవలోకి విదిలించేది. తినేవి మూడే. తొక్క ఉన్న అరటిపండు, తన కళ్ళెదుట డబ్బా తెరిచిన బిస్కట్, ఉడికిన కోడిగుడ్డు. గుడ్డులోకి మందు ఎక్కించడం ఎవరి తరమూ కాదని ఆవిడ నమ్మకం. ఆ గుడ్డును కూడా గుండ్రంగా తిప్పి, ఎక్కడైనా సూది గుచ్చిన చిల్లు ఉందేమోనని దీపం కింద పట్టి చూసేది. అమ్మ వండిన పులుసు వెనక్కి వస్తే అమ్మ వంటగదిలో నిలబడి ఏడిచేది. "నా సేతి కూడు తినకుండా నేనేటి సేసినానే నీకు?" అని అడిగితే, "నీ సెయ్యి మంచిదే అమ్మీ. ఆ సెయ్యి పట్టుకున్నోడి మీదే నాకు అనుమానం" అని మాత్రం చెప్పి ఊరుకుంది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. కూతురు కూడా అందులో ఉందేమోనని ఆవిడకు లోపల బెంగ.

ఒకరోజు నేను బడి నుంచి రాగానే చీర మార్చుకుని సిద్ధంగా ఉంది. "రాయే, మాట సాయం గావాల" అని నా చెయ్యి పట్టుకుని మూడు బ్లాకుల అవతల కిందనే ఉన్న పోలీసు పోస్టుకు తీసుకుపోయింది. బల్ల వెనక ఒక కుర్ర పోలీసు ఉన్నాడు. అమ్మమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని, "సెప్పు, మా అల్లుడు రోజూ నాకు మందెడతన్నాడని" అంది.

నాకు వచ్చిన ఇంగ్లీషులో నేను నిజాయితీగానే చెప్పాను. "సర్, మై ఫాదర్ ఎవ్రీడే గివ్ హర్ మెడిసిన్."

"ఎవ్రీడే ఆ?" అన్నాడు పోలీసు. "వా, సో గుడ్! మై మదర్-ఇన్-లా, ఐ ఆల్సో నెవర్ డూ లైక్ దట్."

"ఏటంతన్నాడే?"

"నాన్న శానా మంచోడంట అమ్మమ్మా."

ఆవిడ మొహం మాడిపోయింది. "సరిగ్గా సెప్పు. రోజూ కూసింత కూసింత పెంచుతన్నాడని సెప్పు." చెప్పాను. డాక్టరు చెప్పినట్టు చేస్తే ఏమీ కాదు, ఆంటీ మందు మానకూడదు అని అతను వేలు చూపించి మరీ బుద్ధి చెప్పి, నాకో మిఠాయి ఇచ్చాడు. అమ్మమ్మ ఆ మిఠాయి నా చేతిలోంచి లాక్కుని చెత్తబుట్టలో పడేసింది. బయటికి వచ్చాక వెనక్కి తిరిగి ఆ పోస్టు బోర్డు వంక చూసి, "ఈడికీ మందెట్టేసినాడు మీ బాబు" అంది.

ఆ వారం చివర్లో లిఫ్టు ముందు అమ్మమ్మ పడిపోయింది. మందు మానేసి, సరిగ్గా తినక, ఆదివారం ముంచుకొస్తోందన్న దిగులుతో రక్తపోటు ఆకాశాన్నంటింది. ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే ఆవిడ మొదట అడిగింది ఇవాళ ఏ వారమని. మతి సరిగ్గానే ఉందని నర్సు సంబరపడింది. శనివారమని చెబితే అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రేపు నన్ను ఇంటికి తీసుకెల్లకే. రేపు నన్ను కాల్సేస్తారంట. మీ ఆయనే అన్నాడు. నా సెవులతో విన్నాను." అప్పుడే గంజి ఫ్లాస్కుతో లోపలికి వస్తున్న నాన్న గుమ్మంలో ఆగిపోయాడు. ఆయన మొహంలో కోపం ఉంటే బాగుండేది. ఫ్లాస్కు నేలమీద పెట్టి, మూల ఉన్న పంపు దగ్గరికి వెళ్ళి, ఏమీ అంటని చేతుల్ని చాలాసేపు కడుక్కున్నాడు. తరవాత ఆచారం తప్పకుండా నా వైపే చూసి చెప్పాడు. "మీ అమ్మమ్మకి సెప్పే. ముసల్దంటే ఆవిడ గాదు. తుపాకీ."

తెలుగులోంచి తెలుగులోకి తర్జుమా చేశాను. అమ్మమ్మ కూడా నాతోనే అంది. "ఆ బాబుకి సెప్పు, అబద్దమైనా అతికేట్టు సెప్పమను. సింగపూర్‌లో తుపాకేటి? నానేటి ఈవేళ దిగినానా ఓడ?"

ఇదీ మా నాన్నకు పట్టిన గతి. ఆయన నిజం, ఆవిడ అనుమానం కంటే పెద్ద అబద్ధంలా ఉంది. రుజువు చూపిద్దామంటే ఒక్క తూటా ఇంటికి తేలేడు, తెస్తే నిజంగానే మెడకు తాడు పడుతుంది. అమ్మమ్మ ఇంటికి వచ్చాక ఆయన ఉక్రోషంతో ఒక పని చేశాడు. ఆవిడ గది గుమ్మంలో నిలబడి, ఆవిడ మాత్రలే రెండు సీసాలోంచి తీసి, అందరి ముందూ నోట్లో వేసుకుని మింగాడు. విషమైతే నేనే పోతాను చూడండి అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు రక్తపోటు లేదు. కాసేపటికి కళ్ళు తిరిగి, గోడ పట్టుకుని, జారి నేలమీద కూర్చున్నాడు. అమ్మమ్మ మంచం మీంచి లేచి, "సూసినారా! సూసినారా! నాన్సెప్పలేదేటి?" అని బ్లాకంతా వినబడేలా అరిచింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆరోజు ఎవరూ నవ్వలేదు.

అమ్మ తెగేసి చెప్పింది. తుపాకీ మాట నిజమైనా కాకపోయినా ఇలా అయితే మా అమ్మ నెల తిరక్కుండా పోతుంది, ఆ పనైనా మానెయ్యండి, లేదా అమ్మను అన్నయ్యల దగ్గరికైనా పంపెయ్యండి అంది. మామయ్యలు ఆవిడను ఎక్కడికి పంపుతారో అమ్మకు తెలుసు. జోహోర్‌లో ముసలివాళ్ళను పెట్టే ఇల్లు ఒకటి వాళ్ళు అప్పటికే చూసి ఉంచారు. మూడోరోజు నాన్న క్లబ్బు సెక్రటరీ దగ్గరికి వెళ్ళి, ఏడాదికోసారి కుటుంబాలను రానిచ్చే రోజున మా అత్తగారిని తీసుకురానివ్వండి అని అడిగాడు. అమ్మమ్మ ఆసుపత్రిలో ఉండడంతో ఆ ఆదివారం జరగని పరీక్షను ఆ రోజుకు పెట్టుకున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నేను ఇప్పుడు పుంగ్గోల్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. నాకూ రక్తపోటే. నా మాత్రలు వారాల పేర్లున్న ప్లాస్టిక్ డబ్బాలో పడతాయి, ఏది ఎప్పుడో ఫోను గంట కొట్టి చెబుతుంది. అబ్బాయీ కోడలూ నా ఎదుటే ఇంగ్లీషులో డోసు గురించి మాట్లాడుకుంటారు, అందులో నాకు తెలియని మాట ఒక్కటీ ఉండదు. తలుపు సందులు లేవు, కొంగు చాటు లేదు, మధ్యలో తపాలా బంట్రోతూ లేదు. అయినా కోడలు గొంతు తగ్గించిందంటే నా చెవి అటే పోతుంది. మాట తెలియకపోవడం వల్ల అనుమానం పుడుతుందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. కాదు. ఒకరి ఇంట్లో, ఒకరి చేతి ముద్ద తింటూ, నేనింకా ఎందుకు ఉన్నాననే ప్రశ్న ఎవర్నీ అడగలేకపోవడం వల్ల పుడుతుంది. అమ్మమ్మకు ఆ ప్రశ్న అడగడానికి ఒక దారి దొరికింది. నా మటుకు నేను ఇంకా వెతుక్కుంటున్నాను.

కుటుంబాలను రానిచ్చే ఆ రోజున క్లబ్బుకు బస్సులో వెళ్ళాం. అమ్మమ్మ దారంతా నా చెయ్యి వదల్లేదు. చెట్ల మధ్య పొడవాటి రేకుల షెడ్డు, ఎదురుగా ఎత్తైన ఇసుకదిబ్బ, గాల్లో నాన్న చొక్కా వాసన. అదే మైనం, అదే మాడు. అమ్మమ్మ ముక్కు ఎగబీల్చి గుమ్మంలోనే ఆగింది. సెక్రటరీ చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చాడు. ఆవిడ దాన్ని వాసన చూసి ఒక్క చెవిలోనే పెట్టుకుంది, రెండోది వినడానికి అట్టేపెట్టుకుంది. మమ్మల్ని గీతకు వెనకాల బెంచీ మీద కూర్చోబెట్టారు. నాన్న ఖాకీ చొక్కాలో వచ్చాడు. ఇంట్లో గోడవారగా నడిచే మనిషి ఇక్కడ చెయ్యి ఎత్తితే పెద్ద పెద్ద దొరలు ఆగుతున్నారు. నూనెగుడ్డ విప్పి లోపలున్నదాన్ని బల్లమీద పెట్టాడు. పిడి చెక్క నున్నగా అరిగిపోయి, ఇనుము అక్కడక్కడా తెల్లబడి ఉంది. "ఇదిగో, ముసల్ది" అన్నాడు సాయానికి వచ్చిన సింహాచలం అంకుల్, గురి చూసే దుర్భిణి కాలు సరిచేసుకుంటూ.

నాన్న చెక్కదిమ్మె తొర్రల్లోంచి ఐదు తూటాలు తీసి ఒక్కొక్కటీ వెలుగులో తిప్పి చూశాడు, అమ్మమ్మ గుడ్డును చూసినట్టే. కాల్చాడు. పొడి దగ్గు లాంటి చప్పుడు. "నీరసంగున్నాది" అన్నాడు అంకుల్. నాన్న ఐదూ అయ్యాక ఆగి, గొట్టంలోంచి వెలుగు చూసి, గుడ్డతో తుడిచి, అరచెయ్యి ఇనుము మీద వేసి జ్వరం చూసినట్టు చూశాడు. "ఇప్పుడు రవ్వంత పెంచిన మందు" అని రెండో ఐదు తీశాడు. మొదటిది పేల్చేముందు ఆయన పెదవి బిగించడం మాకు కనబడింది. భయపడుతున్నాడు. తుపాకీ గట్టిగా, శుభ్రంగా పేలింది. పగల్లేదు. ఐదూ పేలాయి. అంకుల్ దుర్భిణిలోంచి తలెత్తి, "ఒక్కసోటే పడ్డాయి బావా, ఐదూ" అన్నాడు. నాన్న ఆ పాతదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.

అమ్మమ్మ చాలాసేపు ఆ చేతులకేసి చూసింది. తరవాత అలవాటుగా నా వైపు తిరిగింది. "పైడీ, ఆ బాబునడుగు. దీన్ని తీసీమన్నారంట గదా. ఎందుకు తియ్యలేదో అడుగు."

నేను నోరు తెరవకముందే నాన్న తల వంచుకునే జవాబిచ్చాడు. "ఇంకా పేల్తాది గదా. కొలిసి పెడితే బాగా పేల్తాది. కొలవడం రానోళ్ళు తీసీమంతారు."

పక్క వరసలో ఎవరో కాలుస్తున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా అమ్మమ్మ ఆగింది. తలమీది కొంగు వెనక్కి జారినా సర్దుకోలేదు. నా వైపు చూడకుండా, నాన్ననే చూస్తూ అడిగింది. "నన్ను కూడా తీసీమన్నారా, నా కొడుకులు?"

నాన్న చేతిలో గుడ్డ ఆగిపోయింది. అబద్ధం చెబుతాడనుకున్నాను, చెప్పాలనీ కోరుకున్నాను. "అన్నారత్తా" అన్నాడు. "నానొప్పుకోలేదు."

బస్సులో ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కొడుకుల మీద దుఃఖమో, ఇన్నాళ్ళూ ఆకలితో మాడినందుకు తన మీద తనకే ఉక్రోషమో, ముక్కు చీదుకుంటూనే ఉంది. ఇంటికి రాగానే గదిలోకి వెళ్ళిపోతుందనుకున్నాం. వెళ్ళలేదు. హాల్లో నాన్న కుర్చీకి ఎదురు కుర్చీలో కూర్చుంది. నాన్న మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి, బల్ల దగ్గర మాత్ర కోసి, త్రాసులో ముల్లు నిలిచేదాకా గీకి, తేనెలో రంగరించాడు. ఎప్పటిలాగే చెంచా నాకు అందించబోయాడు. నేను చెయ్యి చాపాను.

"నువ్వుండే" అంది అమ్మమ్మ. తరవాత నాన్న కళ్ళలోకి, చేప మొప్ప చూసినంత పరీక్షగా చూసింది. "ఎంత కొలిసినావు?"

"సగమే అత్తా."

"సరే" అని కుర్చీ ముందుకు జరుపుకుని నోరు తెరిచింది. "మందెట్టు నాయనా."